బెల్లం పొయ్యి ముందు ఆరు సెల్స్: పూతలపట్టు దగ్గర నిప్పు వెలుగును కరెంటుగా మార్చే టీపీవీ ప్రయోగం

చిత్తూరు జిల్లా పూతలపట్టు దగ్గర ఒక బెల్లం గానుగ ఉంది. ఒకే పొయ్యి, ఒకే పెనం, పైన కొబ్బరాకుల పందిరి. సొంత చెరకుతో పాటు చుట్టుపక్కల రైతుల చెరకు కూడా కూలికి ఆడిస్తారు. 2024 జనవరిలో ఆ ఇంటి చిన్నబ్బాయి నాకు ఫోను చేశాడు. తిరుపతిలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. "సార్, నిప్పు వెలుగును కరెంటుగా మార్చే సెల్స్ వచ్చాయని చదివాను. నూటికి 41 పాళ్లు మారుతుందట. మా పొయ్యి ముందు పెడితే బ్లోయర్ తిరగదా?" అని అడిగాడు.

నేను ఎనర్జీ ఆడిటర్‌ని. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల బాయిలర్లు, పాల శీతలీకరణ కేంద్రాలు, రైస్ మిల్లులు, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు చూస్తూ పద్నాలుగేళ్లు గడిచాయి. పనికిరాని వేడి నుంచి కరెంటు తీయవచ్చా అని అడిగేవాళ్లు ఏడాదికి పదిమందైనా తగులుతారు. చాలామందికి ఫోనులోనే కుదరదని చెప్పేస్తాను. ఈ కుర్రవాడికి అలా చెప్పలేకపోయాను. అతను వేడి అనలేదు, వెలుగు అన్నాడు. ఆ తేడా తెలిసి అడిగిన ప్రశ్నకు కొలిచి జవాబు చెప్పాలి. తిరుపతి నుంచి చంద్రగిరి మీదుగా ఎంత దూరమని, ఆ ఆదివారమే వెళ్లాను.

ఆ గానుగలో కరెంటు పోతే ఏమవుతుందో ముందు చెప్పాలి. చెరకు రసం నిలవ ఉండదు. ఆడిన కొద్ది గంటల్లో పెనం ఎక్కకపోతే పులుపు తిరుగుతుంది, అందులోని చక్కెర విరిగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా మారుతుంది. ఆ రసంతో వండిన పాకం సరిగ్గా గట్టిపడదు. అచ్చులో పోసినా మెత్తగా, నల్లగా ఉండిపోతుంది, సంతలో ధర పడిపోతుంది. పాకం దించే గడియ ఇంకా సున్నితమైనది. దాదాపు 118 డిగ్రీల దగ్గర దించాలి. అప్పుడు మంట మన చెప్పుచేతల్లో ఉండాలి. చెరకు ఆడే యంత్రానికి డీజిల్ ఇంజిను ఉంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. కరెంటు కావలసింది పొయ్యికి గాలి ఊదే బ్లోయరుకు, నాలుగు బల్బులకు. వంట తెల్లవారుజామున నాలుగింటికి మొదలవుతుంది. కరెంటు పోయేది కూడా ఎక్కువగా ఆ వేళల్లోనే.

బ్లోయర్ మోటారు అర హార్స్‌పవర్. బల్బులతో కలిపి మీటరు మీద 550 వాట్లు చూపింది. ఆ సంఖ్యనే లక్ష్యంగా రాసుకున్నాను.

తర్వాత పొయ్యి లెక్క. ఒక పెనానికి సుమారు 400 లీటర్ల రసం, రెండున్నర గంటల వంట, 80 కిలోల బెల్లం. ఆ వంటకు ఎండిన పిప్పి 160 కిలోల దాకా కాలుతోంది. పిప్పిలోని శక్తిని, ఆవిరైన నీటిని లెక్కగడితే వేడిలో మూడో వంతుకు కాస్త అటూ ఇటూగా రసానికి అందుతోందని తేలింది. మిగతాది గోడల్లోకి, పొగగొట్టంలోకి. పొగగొట్టం మొదట్లో థర్మోకపుల్, అంటే వేడి కొలిచే తీగ, పెడితే 500 డిగ్రీలు చూపింది.

ఆ ఇంటి పెద్దాయన ఆ అంకె చూసి, "ఇంత వేడి గాలికి పోతోంది కదా నాయనా, ఇందులో కొంచెం పట్టుకుంటే చాలదా?" అన్నారు. ఈ కేసు మొత్తం ఆయన అడిగిన ఈ మాట చుట్టూనే తిరిగింది.

గడప

వేడెక్కిన ప్రతి వస్తువూ కాంతిని వెదజల్లుతుంది. ఇస్త్రీపెట్టె వెదజల్లేది కంటికి కనపడదు, కొలిమిలోని ఇనుము వెదజల్లేది కనపడుతుంది, అంతే తేడా. ఎంత వెదజల్లుతుందన్నది ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. కెల్విన్లలో ఉష్ణోగ్రత రెట్టింపైతే శక్తి పదహారు రెట్లవుతుంది. వేడి పెరిగేకొద్దీ తరంగాలు పొట్టివవుతాయి కూడా. థర్మోఫోటోవోల్టాయిక్ సెల్, క్లుప్తంగా టీపీవీ సెల్, ఈ కాంతిని తాగుతుంది. సోలార్ ప్యానెల్‌కూ దీనికీ సూత్రం ఒకటే. దానికి సూర్యుడు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, దీనికి నిప్పు జానెడు దూరంలో ఉంది. ఎండలో చదరపు సెంటీమీటరు మీద పడేది వాటులో పదో వంతు. 877 డిగ్రీల నిప్పు, అంటే 1150 కెల్విన్లు, అదే వైశాల్యం నుంచి దాదాపు 10 వాట్లు వెదజల్లుతుంది. ఎండకు నూరు రెట్లు. ఇక్కడే చాలామంది ఆశపడిపోతారు.

సెల్‌లోని ఎలక్ట్రాన్ కదలాలంటే దాన్ని తాకే కాంతికణానికి కనీసం ఇంత శక్తి ఉండాలన్న హద్దు ఒకటుంది. బ్యాండ్ గ్యాప్ అంటారు. ఆ అబ్బాయికి నేను గడప అని చెప్పాను. గడప దాటగలిగిన కణం కరెంటు ఇస్తుంది, దాటలేనిది సెల్‌ను వేడెక్కించి ఊరుకుంటుంది. సోలార్ ప్యానెళ్లలో వాడే సిలికాన్ గడప ఎత్తు 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు; కణాల శక్తిని ఈ ప్రమాణంతోనే కొలుస్తారు. తరంగం పొడవయ్యేకొద్దీ కణం శక్తి తగ్గుతుంది, కాబట్టి 1.1 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే పొడవైన తరంగం దాన్ని దాటలేదు. మన 877 డిగ్రీల నిప్పు కాంతిలో ఆ గడప దాటేది వెయ్యికి నాలుగు పాళ్లు కూడా లేదు. మామూలు సోలార్ ప్యానెల్‌ను పొయ్యి ముందు పెడితే కరెంటు రాకముందే అది మాడిపోయేది ఇందుకే. ఈ సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ కనపడుతున్నారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

గాలియం యాంటిమొనైడ్ అనే మరో సెల్ పదార్థానికి గడప తక్కువ, 0.72 ఎలక్ట్రాన్ వోల్టులు. 1.72 మైక్రాన్ల వరకు తీసుకుంటుంది. దానితో లెక్కవేస్తే దాటేది నూటికి ఆరు పాళ్లు పైచిలుకు, అంటే చదరపు సెంటీమీటరుకు 0.63 వాటు. అందులో సెల్ కరెంటుగా మార్చేది మళ్లీ ఒక భాగమే.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్న. 500 డిగ్రీల పొగగొట్టం గోడ చదరపు సెంటీమీటరుకు 2 వాట్లు వెదజల్లుతుంది. దానిలో గాలియం యాంటిమొనైడ్ గడప దాటేది వాటులో వందో వంతు. పొయ్యిలో 877, గొట్టంలో 500. అంకెలు చూస్తే సగానికి పైనే ఉన్నట్టుంది. సెల్ కళ్లకు మాత్రం అరవై రెట్లు తేడా. గాలికి పోతున్న వేడి సెల్‌కు పనికిరాదు. సెల్‌కు పనికొచ్చేది పెనం కింద భగభగ మండే మేలు రకం వేడి, అది ఇప్పటికే రసం మరిగించే పనిలో ఉంది. వృథా వేడి నుంచి టీపీవీ కరెంటు అనే మాట విన్నప్పుడు మొదట అడగవలసింది ఆ వృథా వేడి ఎన్ని డిగ్రీల దగ్గర ఉందని. ఎన్ని కిలోవాట్లు అన్నది తర్వాత.

ఈ సంగతి పెద్దాయనకు చెప్పడానికి పెట్రోమాక్స్ లైటు పనికొచ్చింది. గంగమ్మ జాతరలో, పెళ్లి ఊరేగింపుల్లో ఆ లైట్లు నెత్తిన పెట్టుకుని నడిచే మనుషులను ఆయన తరం బాగా ఎరుగును. "కిరసనాయిలు మంట పచ్చగా, మసకగా ఉంటుంది. అదే మంటకు మేంటిల్, ఆ జాలీ గుడ్డ, తొడిగితే కళ్లు జిగేల్‌మంటాయి. నూనె అదే, మంట అదే. మరి ఆ వెలుగు ఎక్కడిది?" అని అడిగాను. "మేంటిల్‌ది," అన్నారు. నిజమే. ఆ గుడ్డ బూడిదలో ఉండేది థోరియం ఆక్సైడ్, దానిలో నూటికి ఒక పాలు సీరియం ఆక్సైడ్. పొడవు తరంగాలను అది పెద్దగా వదలదు, కంటికి కనపడే వాటిని బాగా వదులుతుంది. అదే వేడిని కంటికి పనికొచ్చే కాంతిగా మలచి ఇస్తుంది. 1956లో అమెరికాలోని ఎంఐటీ లింకన్ లేబొరేటరీలో హెన్రీ కోల్మ్ టీపీవీకి తొలి ప్రయోగమని చెప్పుకునేది చేసినప్పుడు సిలికాన్ సెల్ ముందు పెట్టింది ఇలాంటి లాంతరు మేంటిల్‌నే. ఆ తర్వాతి పరిశోధకులు మేంటిల్‌లో యిటర్బియం ఆక్సైడ్ వాడి సిలికాన్‌కు, ఎర్బియం ఆక్సైడ్ వాడి గాలియం యాంటిమొనైడ్‌కు సరిపోయే కాంతిని రాబట్టారు. మన పొయ్యికి ఆ దారి పనికిరాలేదు. అలాంటి మేంటిల్ బాగా వెలగాలంటే 1200 డిగ్రీలు దాటాలి.

మొదటి రాత్రి

సెల్స్ దొరకడమే కష్టం. బజారులో అమ్మే సరుకు కాదు. పరిశోధనశాలలో పనిచేసే పాత సహాధ్యాయి ఒకరు తమ దగ్గర మిగిలిన ఎనిమిది గాలియం యాంటిమొనైడ్ సెల్స్ అరువుగా ఇచ్చారు. ఒక్కొక్కటి చదరపు సెంటీమీటరు. వాటిని వరుసగా కలిపి రాగి దిమ్మ మీద అతికించాం. దిమ్మ లోపల నీళ్లు పారడానికి కాలువలు. ముందు క్వార్ట్‌జ్ గాజు పలక, ధూళి ఆపడానికి.

సెల్స్‌ను మంటకు నేరుగా చూపించలేదు. పిప్పి బూడిద అన్నిటికీ అతుక్కుంటుంది. మంటకూ సెల్స్‌కూ మధ్య ఒక వెలిగే గోడ కావాలి. సిరామిక్ కొలిముల్లో అరలుగా వాడే సిలికాన్ కార్బైడ్ పలక ముక్కను పొయ్యి పక్క గోడలో ఒక ఇటుక తీసి బిగించాం. లోపలివైపు మంట తగిలి పలక ఎర్రబడుతుంది, బయటివైపు నుంచి వచ్చే కాంతిని సెల్స్ చూస్తాయి. కాగితం మీద బాగుంది.

ఫిబ్రవరి మొదటి వారం, తెల్లవారుజామున ఐదింటికి మంట నిలకడకు వచ్చింది. లోపల థర్మోకపుల్ 870 నుంచి 900 మధ్య ఆడుతోంది. ఎనిమిది సెల్స్ కలిపి ఇచ్చింది 0.2 వాటు. నా లెక్క దానికి నాలుగు రెట్లు చెప్పింది. పలక బయటివైపు కొలిస్తే 760 డిగ్రీలే ఉంది. పలక మందం, చల్లటి గోడ అంచులు, దానికి తోడు లోపలివైపు కరిగి అంటుకుంటున్న బూడిద; అన్నీ కలిసి 120 డిగ్రీలు మింగేశాయి. చెరకు పిప్పి బూడిదలో సిలికా ఎక్కువ, పొటాష్ కూడా ఉంటుంది. వేడికి అది మెత్తబడి గాజు పొరలా పేరుకుంటుంది. 120 డిగ్రీలంటే మరో పనిలో పెద్ద విషయం కాదు. ఇక్కడ గడప దాటే కాంతి మూడో వంతుకు పడిపోయింది.

అసలు పాఠం ఇంకో అరగంటకు దొరికింది. చల్లబరిచే నీళ్లు తిప్పే చిన్న పంపును నేను కరెంటు ప్లగ్గుకే పెట్టాను. కరెంటు పోయింది. ఏ కరెంటు కోత కోసం ఈ ప్రయోగం చేస్తున్నామో అదే కోత. మీటరులో వోల్టేజి జారడం చూసి దిమ్మను వెనక్కి లాగేసరికి నిమిషం పైనే పట్టింది. సెల్ వేడెక్కేకొద్దీ వోల్టేజి పడిపోతుంది, ఆపైన అతుకు కరుగుతుంది. రెండు సెల్స్ పోయాయి. అరువు తెచ్చిన సొత్తు అది. ఆ తప్పు పూర్తిగా నాది. చల్లదనం కోసం బయటి కరెంటు మీద ఆధారపడే టీపీవీ అమరికను ఎవరూ కట్టకూడదు. నీళ్లు వాటంతట అవే పారాలి. పందిరి స్తంభాల మీద 200 లీటర్ల డ్రమ్ము ఎక్కించి, కింద చిన్న కుళాయితో ధార సరిచేశాం. ఆ రోజు నుంచి ఆ బెంగ లేదు.

రెండో రాత్రి

పలక తీసేశాం. ఒక చివర మూసి ఉన్న సిలికాన్ కార్బైడ్ గొట్టం సంపాదించాను, కొలిముల్లో థర్మోకపుల్‌కు తొడుగుగా వాడే రకం, కాస్త పెద్దది. దాన్ని పెనం కిందికి, మంట నడిమధ్యకు తోశాం. మూసిన కొస మంటలో, తెరిచిన మూతి గోడ బయట. మూతి దగ్గర మిగిలిన ఆరు సెల్స్. చుట్టూ మంట ఉండటం వల్ల గొట్టం లోపలి గోడ మంటతో సమానంగా వేడెక్కుతుంది. బూడిద బయట పేరుకున్నా వేడి అన్ని వైపుల నుంచీ వస్తుంది కాబట్టి దెబ్బ తక్కువ. పైగా లోతైన రంధ్రం నుంచి వచ్చే కాంతి ఏ పలక నుంచి వచ్చే కాంతి కంటే నిండుగా ఉంటుంది.

ఆరు సెల్స్ కలిపి 1.6 వోల్టులు, 0.35 ఆంపియర్లు. 0.56 వాటు.

వోల్టేజి పెంచే చిన్న సర్క్యూట్ జోడించి, దానికి ఒక చిన్న ఎల్‌ఈడీ తగిలించి పందిరి గుంజకు కట్టాడు ఆ అబ్బాయి. మిగతా బల్బులు ఆర్పేశాం. పెనం పక్కన మడ్డి తీస్తున్నవాళ్లు చేతిలో జల్లెడలతో అలాగే ఆగి చూశారు. పెద్దాయన మాట్లాడలేదు. కాసేపు చూసి, పొయ్యిలోకి పిప్పి ఎగదోస్తున్న మనిషిని ఆగమన్నారు. మంట తగ్గింది. ఒకటి రెండు నిమిషాలకు దీపం మసకబారింది. మళ్లీ వేయమన్నారు. మంట లేచింది, దీపం తేరుకుంది. "అయితే ఇది పొయ్యి వెలుగే," అన్నారు. నేను చేసిన ఏ కొలత కంటే ఆ పరీక్ష గట్టిది.

దిమ్మలో పారే నీళ్లను కూడా కొలిచాం. సెల్స్ చుట్టూ ఉన్న అంచును వేరే నీళ్లతో చల్లబరిచి, సెల్స్ వెనక పారేవాటిని మాత్రం లెక్కలోకి తీసుకున్నాం. నిమిషానికి 100 మిల్లీలీటర్లు, 4.7 డిగ్రీల పెరుగుదల. అంటే ఆరు సెల్స్ మీద పడి వేడిగా మారినది 33 వాట్లు. దాని పక్కన కరెంటు 0.56. నూటికి 1.7 పాళ్లు.

నలభై ఒకటి ఎక్కడ, ఒకటి పాయింట్ ఏడు ఎక్కడ

ఆ అబ్బాయి మొహం చిన్నబోయింది. అతను చదివింది అబద్ధం కాదు. 2022 ఏప్రిల్‌లో, మన చిత్తూరు జిల్లాను విడదీసి తిరుపతి జిల్లా ఏర్పాటైన నెలలోనే, నేచర్ పత్రికలో ఆ ఫలితం వచ్చింది. ఎంఐటీలో ఆసెగన్ హెన్రీ, అలీనా లపోటిన్ బృందం, అమెరికా పునరుత్పాదక శక్తి ప్రయోగశాల ఎన్‌ఆర్‌ఈఎల్‌తో కలిసి చేసిన పని. సామర్థ్యం 41.1 శాతం. కాంతినిచ్చే వస్తువు 2400 డిగ్రీల దగ్గర ఉంది. సెల్ వైశాల్యం చదరపు సెంటీమీటరు లోపు, ఇచ్చిన కరెంటు చదరపు సెంటీమీటరుకు 2.39 వాట్లు. అంత వేడి దగ్గర కాంతి బాగా పొట్టి తరంగాల్లో ఉంటుంది కాబట్టి ఎత్తైన గడపలున్న రెండు పొరలను, 1.4, 1.2 ఎలక్ట్రాన్ వోల్టులవి, ఒకదానిమీద ఒకటి పేర్చగలిగారు. గడప ఎత్తుగా ఉంటే వోల్టేజి ఎక్కువ.

సెల్ వెనక ఉన్న బంగారు అద్దం అంతకంటే ముఖ్యమైనది. గడప దాటలేని కాంతి సెల్‌ను దాటుకుని వెళ్లి అద్దానికి తగిలి తిరిగి నిప్పులోకే పోతుంది. అక్కడ అది నిప్పును వెచ్చగా ఉంచడానికి పనికొస్తుంది. సోలార్ ప్యానెల్‌కు ఈ వరం లేదు. అది తిప్పి పంపిన కాంతి సూర్యుడికి చేరదు. టీపీవీ సామర్థ్యం చరిత్ర చాలావరకు అద్దాల చరిత్రే. 2019లో 1207 డిగ్రీల నిప్పుతో 29.1 శాతం సాధించింది మంచి అద్దం వల్లనే. 2020లో మిచిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు సెల్‌కూ లోహానికీ మధ్య పలుచటి గాలి పొర పెట్టి అద్దాన్ని ఇంకా మెరుగుపరచి 30 శాతం దాటారు.

మా పాత సెల్స్ వెనక అద్దం లేదు. గడప దాటలేని 31 వాట్లు రాగి దిమ్మను వేడెక్కించి నీళ్లలో కలిసిపోయాయి. గడప దాటినది, లెక్క ప్రకారం, ఆరు సెల్స్ మీద 2.1 వాట్లు. దానిలో 0.56 కరెంటైంది. నాలుగో వంతు కంటే ఎక్కువ. సెల్ తన పని తాను చేసింది. వెనక అద్దం ఉండి, పనికిరాని కాంతిలో నూటికి 95 పాళ్లు వెనక్కి పంపగలిగి ఉంటే సామర్థ్యం 1.7 నుంచి 15 శాతానికి పెరిగేది.

ఇది చెప్పగానే ఆ అబ్బాయి ఉత్సాహంగా లేచాడు. "అయితే అద్దం పెడదాం సార్!" అతన్ని కూర్చోబెట్టి ఇంకో లెక్క వేయించాను. అద్దం పెట్టినా ఆరు సెల్స్ ఇచ్చేది ఇంచుమించు అదే 0.56 వాటు. అద్దం వేడిని ఆదా చేస్తుంది, కరెంటును పెంచదు. మాకు కావలసింది 550 వాట్లు. చదరపు సెంటీమీటరుకు 0.093 వాటు చొప్పున దాదాపు 6000 సెల్స్ కావాలి. పెనం కింద అంత చోటు లేదు. ఉన్నా, గాలియం యాంటిమొనైడ్‌ను ఏకస్ఫటికంగా పెంచి, పలుచగా కోసి చేసే సెల్స్ ఆరు వేలు ఒక బెల్లం గానుగకు పెట్టలేం. అద్దం లేకపోతే ఆ అమరిక 33 కిలోవాట్ల వేడిని పెనం కింది నుంచి దొంగిలిస్తుంది. రసానికి అందుతున్న దానిలో అది మూడో వంతుకు పైనే. వంట రెండున్నర గంటల నుంచి నాలుగు గంటలకు సాగుతుంది.

పత్రికల్లో వచ్చేది సామర్థ్యం ఒక్కటే. క్షేత్రంలో పనిచేసేవాడికి దానితో పాటు చదరపు సెంటీమీటరుకు ఎన్ని వాట్లు అన్నది కూడా కావాలి. వేడి ఖరీదైన చోట సామర్థ్యం నిర్ణయిస్తుంది. వేడి చవకై సెల్స్ ఖరీదైన చోట, మన పిప్పి పొయ్యి లాంటి చోట, వాట్ల సాంద్రత నిర్ణయిస్తుంది.

ఇచ్చిన సలహా

ఆడిటర్‌గా నా నివేదికలో మొదటి వాక్యం బ్లోయర్ గురించి. దాని గాలి తలుపు ఎప్పుడు చూసినా సగం మూసే ఉంది. మోటారు అవసరానికి మించి పెద్దది, తలుపు దాన్ని అణచిపెడుతోంది. 120 వాట్ల బ్రష్‌లెస్ డీసీ బ్లోయర్‌తో అంతే గాలి వచ్చింది. బల్బులతో కలిపి 160 వాట్లు. ఏ కొత్త కరెంటు దారి వెతకకముందే అవసరం మూడో వంతుకు తగ్గింది. ఇది ఎక్కడైనా మొదట చేయవలసిన పని, ఎప్పుడూ ఆఖరికి మిగిలిపోయే పని.

కరెంటు కోతకు జవాబుగా ఒక కిలోవాటు సోలార్ ప్యానెల్స్, బ్యాటరీ. మన ప్రాంతంలో ఒక కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. బెల్లం కాలంలో ఎండకు కొరత లేదు, తెల్లవారుజాము మూడు నాలుగు గంటలకు అర యూనిట్ పైచిలుకు చాలు. ఖర్చు, మరమ్మతు, దొరికే సామాను ఏ లెక్కన చూసినా ఆ గానుగకు ఇదే సరైనది. వాళ్లు అదే పెట్టుకున్నారు. పొగగొట్టంలోని 500 డిగ్రీల వేడికి సెల్ పనికిరాకపోయినా, పొయ్యిలోకి వెళ్లే గాలిని వేడిచేయడానికి అది చక్కగా పనికొస్తుంది. గొట్టం చుట్టూ రేకు తొడుగు చుట్టి, బ్లోయర్ గాలిని దాని గుండా తిప్పాం. పెద్దాయన మొదటి రోజు అడిగిన దానికి అసలు జవాబు అదే. రసాన్ని పెనంలో పోసే ముందే వెచ్చబరిచే ఆలోచన మాత్రం మానుకున్నాం. గోరువెచ్చగా నిలవున్న చెరకు రసం ఇంకా తొందరగా పులుస్తుంది.

టీపీవీని నేను కొట్టిపారేయడం లేదు. ఈ పొయ్యి దానికి చల్లనిది, అంతే. రోలింగ్ మిల్లులో ఇనుప బిల్లెట్లను వేడిచేసే కొలిమి 1250 డిగ్రీలు అనుకుందాం. గాలియం యాంటిమొనైడ్ గడప దాటే కాంతి అక్కడ చదరపు సెంటీమీటరుకు 5.7 వాట్లు, మన పొయ్యికి తొమ్మిది రెట్లు. అదే 550 వాట్లకు అక్కడ ఒక భోజనం పళ్లెమంత వైశాల్యం చాలు. గాజు కరిగించే కొలిమి 1500 డిగ్రీల దాకా వెళుతుంది. పగటి సోలార్ కరెంటుతో కార్బన్ దిమ్మలను తెల్లగా వేడెక్కించి, రాత్రి వాటి వెలుగును టీపీవీ సెల్స్‌తో మళ్లీ కరెంటుగా మార్చే పనిలో అమెరికాలో అంటోరా ఎనర్జీ, ఆసెగన్ హెన్రీ స్థాపించిన ఫోర్త్ పవర్ అనే కంపెనీలు ఉన్నాయి. అక్కడ ఉష్ణోగ్రత ఎంత ఉండాలో మనమే నిర్ణయిస్తాం, బూడిద ఉండదు, అద్దం తిప్పి పంపిన ప్రతి వాటూ దిమ్మలోనే నిలుస్తుంది. మధ్యాహ్నం ఎండ పొంగిపొర్లే రాయలసీమకు ఆ దారి సరిపోతుందని నా నమ్మకం. ఆ రోజు కోసం ఇప్పటినుంచే కొలతలు నేర్చుకున్న మనుషులు కావాలి.

గొట్టాన్ని, థర్మోకపుల్‌ను గానుగలోనే వదిలివచ్చాను. ఆరు సెల్స్ వెనక్కి ఇచ్చేశాను, పోయిన రెండింటి సంగతి చెప్పి.

2025 జనవరిలో ఆ అబ్బాయి ఒక ఫొటో పంపాడు. ఆడగానే పిప్పిలో సగం బరువు నీరే ఉంటుంది. నిరుడు ఒక్కరోజు ఆరబెట్టేవాళ్లు, ఈసారి మూడు రోజులు పలుచగా పరిచి ఎండబెట్టారట. దానికి తోడు గొట్టం తొడుగు నుంచి వచ్చే వేడి గాలి. ఫొటోలో థర్మోకపుల్ మీటరు 1010 డిగ్రీలు చూపిస్తోంది. కింద అతనే లెక్క రాశాడు: 1283 కెల్విన్లు, గడప దాటేది చదరపు సెంటీమీటరుకు 1.57 వాట్లు, నిరుటికి రెండున్నర రెట్లు. దాని కింద ఇంకో వరుస: "పిప్పి కూడా మిగులుతోంది సార్. సెల్స్ మళ్లీ ఎప్పుడు తెస్తారని నాన్న అడుగుతున్నారు."